గుమ్మం దగ్గర చెప్పిన పేరు

"నువ్వక్కడ చేసేదీ ఇదే కదా," అన్నారు మా ఆయన, బాత్రూమ్ తలుపు దగ్గర కాఫీ కప్పుతో నిలబడి.

అప్పుడు నేను అత్తయ్యని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పక్షవాతం వచ్చిన కుడిచేతిని ఎత్తి పట్టుకుని సబ్బు రుద్దుతున్నాను. షవర్ నీళ్లు మీద పడి నా నైటీ మోకాళ్ల దాకా తడిసిపోయింది. ఆరున్నరకి ఈవిడకి స్నానం, ఏడింటికి మా అమ్మాయి గీతిక లంచ్ బాక్సు, ఏడుంపావుకి కారెక్కితే మెల్‌బోర్ను శివార్లలో పాయింట్ కుక్ నుంచి వెర్రిబీ దాకా ట్రాఫిక్‌లో దేక్కుంటూ వెళ్లి, ఎనిమిదింటికి ఇంకో ముసలాయనకి స్నానం. ఆయనన్న మాటలో అబద్ధం లేదు. అక్కడ చేసేదీ ఇదే. "బయటివాళ్లకి చేసే బదులు అదేదో ఇంట్లో అమ్మకి చేస్తే పోలా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు," అని కాఫీ పూర్తిచేసి, కప్పు వాష్‌బేసిన్ అంచు మీద పెట్టి, మీటింగుకి తయారవడానికి వెళ్లిపోయారు. మీటింగంటే పక్క గదిలోనే. ఆయనది ఇంట్లోంచి పని. నేను లేని ఎనిమిది గంటలూ అమ్మని ఆయనే చూసుకుంటున్నారని చిలకలూరిపేటలో మా ఆడపడుచు అందరికీ చెబుతుంది. నేను పెట్టి వెళ్లిన డబ్బా మూత తీసి అమ్మ ఒళ్లో పెట్టడాన్ని చూసుకోవడం అంటారని నాకు అప్పుడే తెలిసింది.

అత్తయ్య తల దించుకుని కూర్చుంది. కోటమ్మ ఆవిడ పేరు. ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చి రెండు నెలలు కాకుండానే, ఓ శనివారం పొద్దున వంటింట్లో చట్నీ తిరగమోత వేస్తూ పడిపోయింది. ఇది జరిగి మూడు నెలలు. మాట ముద్దముద్దగా, ఒక్కొక్కటీ వెతుక్కున్నట్టు వస్తుంది. ఆవిడ చెడ్డ అత్తగారేం కాదు. అలాగని మంచి అత్తగారని చెప్పడానికీ నాకు ఆధారాలు లేవు. పదమూడేళ్ల కాపురంలో ఆవిడ నాతో కలిసి ఉన్నది మొత్తం కలిపి ఏడాది. కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా ఆవిడే ఉంటుంది గనక కోపం ఆవిడ మీదికే పోతుంది. ఆ కోపంతోనే నేను మరీ మెల్లగా, మరీ జాగ్రత్తగా తుడుస్తాను.

శుక్రవారం లోపల నేనొక బొత్తాం నొక్కాలి. నర్సింగ్ డిప్లొమాలో సీటొచ్చింది. పద్దెనిమిది నెలల కోర్సు. మెయిల్‌లో 'అంగీకరిస్తున్నాను' అని ఓ నీలం బొత్తాం ఉంది. రెండేళ్లుగా అప్లై చేస్తే ఇప్పటికి వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాక, ఆరేళ్లు మలమూత్రాలు ఎత్తాక, మందులిచ్చే మనిషిగా ఎదగడానికి వచ్చిన ఒకే ఒక్క దారి. నాగార్జునలో ఇంగ్లీషు ఎం.ఏ. చేసినదాన్ని, ఈ దేశంలో నా చదువుకి దొరికిన మొదటి తలుపు. మా ఆయన "చూద్దాంలే" అన్నారు పోయిన శుక్రవారం. మంగళవారం మళ్లీ అడిగితే "నేను వద్దన్నానా?" అన్నారు. ఇవాళ గురువారం. ఆయన్ని అడక్కుండా ఆ బొత్తాం నొక్కవచ్చు, ఎవరూ చెయ్యి పట్టుకోరు. కానీ అడక్కుండా ఏదైనా చెయ్యడం నాకు అలవాటు లేదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, నా చేతకానితనం చెప్పుకోవడం.

ఎనిమిదింటికి స్నానం చేయించే ముసలాయన పేరు సర్ ఫెర్గస్ మల్రేన్. వృద్ధాశ్రమంలో పదకొండో నంబరు గది. తొంభైకి రెండు నెలలు తక్కువ. ఐర్లండులో పుట్టి, పాతికేళ్ల వయసులో ఇక్కడికొచ్చి, రెండుసార్లు ఇక్కడి శాసనసభకి గెలిచి, మూడోసారి ఓడిపోయారు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన బారోనెట్. ఎప్పుడో మూడొందల ఏళ్ల కింద ఓ రాజుగారు ఆయన పూర్వీకుడికి బిరుదిచ్చాడట. తండ్రి పోతే కొడుక్కి, కొడుకు లేకపోతే తమ్ముడికి, తమ్ముడూ లేకపోతే ఏ దాయాదికో, మగవాడు దొరికేదాకా వెతుక్కుంటూ పోతుంది ఆ బిరుదు. కూతురికి మాత్రం రాదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, అక్కడి బంగళా ఎప్పుడో కాలిపోయింది, భూములు ఆయన తాతగారి రోజుల్లోనే పోయాయి. మిగిలింది పేరుకి ముందుండే 'సర్' ఒక్కటే. దాన్నీ ఈ ఆస్ట్రేలియావాళ్లు ఉండనివ్వలేదు. ఇక్కడ ప్రధానమంత్రినైనా పేరు పెట్టి పిలుస్తారు. ఆశ్రమంలో అందరూ ఆయన్ని "ఫెర్గ్" అనీ, "డార్లింగ్" అనీ పిలుస్తుంటే, పదేళ్లు పళ్లు బిగించి ఊరుకున్నారట.

అలాంటి చోటికి నేను వెళ్లి, మొదటిరోజు, "గుడ్ మార్నింగ్ సార్, షవర్ టైమ్ సార్," అన్నాను.

ఆయన కళ్లు తెరిచి "ఏమన్నావు?" అన్నారు. "షవర్ సార్," అన్నాను, ఏం తప్పు మాట్లాడానో అర్థంకాక. ఆయన పైజమా కాలరు సర్దుకున్నారు. ఆ రోజు నుంచి నా చేత్తో తప్ప స్నానం చెయ్యరు, నా చేత్తో తప్ప తినరు. ఈ దేశంలో తన బిరుదుని గుర్తించిన ఏకైక మనిషిని నేనని ఆయన నమ్మకం. మనకేమో బస్సు కండక్టరు సార్, కరెంటు బిల్లు కట్టించుకునే గుమాస్తా సార్, ఇంటర్వెల్లో గంట కొట్టే అటెండరు కూడా మొహమాటానికి సార్. ఆ సంగతి నేను చెప్పలేదు. చెబితే ఆయన తినడం మానేస్తారేమోనని భయం. నాతో పనిచేసే జవేరియా, హైదరాబాదమ్మాయి, నెత్తి కొట్టుకునేది. "నువ్వు సార్ సార్ అని ఎక్కించినవ్ అక్కా. ఇప్పుడు మా చేతుల ముద్ద ముట్టుతలేడు. సెలవు పెడితె ముసలోడు ఉపాసముంటడు, తెల్సా?" అనేది. నాకు లోలోపల గర్వంగా ఉండేదని ఒప్పుకోవాలి. ఇంట్లోనైనా బయటైనా నేను లేకపోతే ఆగిపోయే పని ఒకటుందంటే మనిషికి ఎక్కడలేని బలం వస్తుంది. అది గొలుసని తర్వాత తెలుస్తుంది.

ఆ సార్ పుణ్యాన ఇంకో పని తగిలింది. ఆయన తన జీవితమూ, వంశమూ కలిపి ఒక పుస్తకం రాయిస్తున్నారు, తొంభయ్యో పుట్టినరోజుకి. చేతులు వణుకుతాయి గనక చెబితే రాసేవాళ్లు కావాలి. నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. రెండు నుంచి మూడు దాకా కూర్చుని రాస్తాను. అది ఎవరి లెక్కలోకీ రాని గంట. ఆయన చెప్పేది నేను గుండ్రని అక్షరాల్లో రాస్తే, ఆయన కూతురు నోరా ఇంటికి తీసుకెళ్లి టైపు చేస్తుంది. నోరాకి అరవై రెండేళ్లు. పెళ్లి కాలేదు. రోజూ మధ్యాహ్నం వస్తుంది, తండ్రి బట్టలు ఇంట్లో ఉతికి తెస్తుంది, ఆశ్రమం లాండ్రీలో కాలర్లు పాడవుతాయని. మాట్లాడేది తక్కువ. మూడు నెలల్లో నూటపన్నెండు పేజీలు రాశాను. అందులో నోరా ఎక్కడా రాలేదు.

ఈ వారంలో జరిగింది ఇంకొకటి చెప్పాలి. సోమవారం అత్తయ్య మాటని పరీక్షించడానికి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఇంటికొచ్చింది. ఫోన్లో దుబాసీని పెట్టిస్తానంది. "దుబాసీ ఎందుకు, నువ్వున్నావుగా," అన్నారు మా ఆయన. నేను డ్యూటీకి సగంరోజు సెలవు పెట్టి కూర్చున్నాను. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ అడుగుతోంది, నేను తెలుగులో చెబుతున్నాను. మీ పేరు? "కో...టమ్మ." మీ ఊరు? "పే...ట." పిల్లలెందరు? రెండు వేళ్లు చూపించింది. మీ భర్త పేరు?

అత్తయ్య గోడవైపు చూసింది.

ఆ అమ్మాయి ఓపిగ్గా మళ్లీ అడిగింది. నేను మళ్లీ చెప్పాను. అత్తయ్య పెదవులు బిగించింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా మామగారు సత్యనారాయణమూర్తి. ఆయన పేరు ఈవిడ నోటి వెంట ఏనాడూ రాలేదు. ఊళ్లో ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా "ఆయన వ్రతం" అనేది. పూజ చేయించే పంతులుగారు కూడా నవ్వేవారు. మామగారు పోయి ఏడేళ్లైనా అదే పద్ధతి. "ఆవిడ చెప్పదు," అని ఇంగ్లీషులో అన్నాను. "పరవాలేదు, కంగారు పడకండి, చాలామంది చెప్పలేరు," అని ఆ అమ్మాయి జాలిగా నవ్వి, కాగితం మీద 'భర్త పేరు గుర్తులేదు' అని రాసి, పక్కన ఎర్రటి ఇంటూ మార్కు పెట్టింది. చెప్పదు అన్నదాన్ని చెప్పలేదు అని విన్నది. నేను సరిదిద్దబోయాను గానీ, ఎలా సరిదిద్దాలో తెలియలేదు. రోజూ పేర్లు చెప్పించండి అని ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి వెళ్లిపోయింది.

"గుర్తులేక కాదుగా అత్తయ్యా?" అని అడిగాను తర్వాత.

"కా...దే," అంది. వంకర తిరిగిన నోటితో, "నీ...కూ..." అంది.

నీకూ అంతేగా అని. అవును, నాకూ అంతే. మా ఆయన పేరు నేను ఒకే ఒక్కసారి పలికాను. పెళ్లై అత్తగారింట్లో అడుగు పెట్టేటప్పుడు మా ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వనంది. అందరూ చప్పట్లు. నేను సిగ్గుపడుతూ "నేను, ఫలానా, వచ్చాం" అని చెప్పి లోపలికొచ్చాను. లోపలికొచ్చాక మళ్లీ ఆ పేరు అవసరం రాలేదు. ఏవండీ, గీతిక వాళ్ల నాన్న, మా ఆయన. ఫారాల మీద రాయడానికి అభ్యంతరం లేదు, నోటితో అనడానికే. మెల్‌బోర్నులో నా వయసు వాళ్లు మొగుళ్లని పేరు పెట్టి, ఒరేయ్ అని కూడా పిలుస్తారు. నాకెవరూ వద్దని చెప్పలేదు. అలవాటు కాలేదు, అంతే.

ఇక ఇవాళ్టి సంగతి. రెండింటికి కాగితాలు తీసుకుని పదకొండో గదికి వెళ్లాను. నోరా కిటికీ దగ్గర కూర్చుని పైజమాలు మడతపెడుతోంది. సర్ ఫెర్గస్ మంచి ఉత్సాహంలో ఉన్నారు. పుస్తకంలో ఆఖరి పేజీ, వంశక్రమం. తాతలూ ముత్తాతలూ అయిపోయి తన దాకా వచ్చారు.

"రాయి," అన్నారు. "సర్ ఫెర్గస్, పదకొండవ, కడపటి బారోనెట్. వివాహం, కల్నల్ డేలీ గారి రెండవ కుమార్తెతో. ఇష్యూ, ఒక కూతురు, అవివాహిత. ఆయనతో ఈ వంశం అంతరించింది."

ఇష్యూ అనగానే నాకు నవ్వొచ్చింది. మన దగ్గర డాక్టర్లు, పెద్దవాళ్లు "ఇష్యూస్ ఎంతమందమ్మా" అని పిల్లల్నే అడుగుతారు. ఆరేళ్ల కింద ఈ ఆశ్రమంలో ఇంటర్వ్యూలో మేనేజరు, పని వేళలతో "ఎనీ ఇష్యూస్?" అంటే, "ఒక కూతురండీ, ఐదేళ్లు" అని చెప్పాను. ఆవిడ తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వింది. ఇక్కడ ఇష్యూ అంటే సమస్యట. ఈ పెద్దమనిషి ఒక్కడే ఆ మాటని మా ఊరి అర్థంలో వాడాడు. ఆ చనువుతోనో ఏమో, 'ఒక కూతురు' పక్కన నాకు నేనే 'నోరా' అని రాశాను. అంత పెద్ద పుస్తకంలో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. ఎవరికి అడ్డం?

"చదువు," అన్నారు. చదివాను.

"నోరా అని నేను చెప్పానా?"

"లేదు సార్."

"మరి ఎందుకు రాశావు? ఇది ఆనవాయితీ కాదు. బిరుదు మోసేవాళ్లకే పేర్లు. కూతుళ్లని అంకెతో చెబుతారు. కొట్టెయ్యి."

కిటికీ దగ్గర నోరా చేతులు ఆగలేదు. పైజమా మడత సరిగ్గా అంచుకి అంచు కలిపి, దాని మీద అరచేత్తో నిమిరింది. ఆవిడ ఏదైనా అంటుందేమోనని చూశాను. "నాన్నకి పాత పద్ధతే ఇష్టం," అంది నాతో, ఎక్కడా తొణక్కుండా, ఫలానా కూరలో ఉప్పు తక్కువ ఇష్టం అన్నట్టు.

"ఎస్ సార్," అన్నాను. నా పెన్నుతో, నా గుండ్రని చేతిరాతలో ఉన్న నోరా మీద, అడ్డంగా గీత గీశాను. ఒకసారి గీస్తే పేరు కనిపిస్తోందన్నారు. రెండోసారి గీశాను. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వంశం అంతరించిందని రాసి, ఆ మనిషి పేరు కొట్టేసి, ఎస్ సార్ అన్నాను. ఈ సార్ కండక్టరు సార్ కాదని నాకు అర్థమైంది. నేను ఊరికే అలవాటుగా అంటున్నాననుకున్న మాటకి ఇంత బరువుందని అప్పుడు తెలిసింది. 

కారు పార్కు దాకా నోరా నాతో వచ్చింది. ఎప్పుడూ రాదు. "ఒకటి అడగనా? నువ్వు నాన్నని సార్ అని ఎందుకంటావు?" అంది. ఇంక దాచలేకపోయాను. మా ఊళ్లో కండక్టర్ని కూడా అంటామని చెప్పేశాను. "కండక్టర్ని కూడానా?" అంది. "బ్యాంకులో అటెండర్ని కూడా," అన్నాను. నోరా నవ్వింది. కారు మీద చెయ్యి ఆనించుకుని, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. చివరికి అది నవ్వో కాదో నాకు తెలియలేదు. "దయచేసి ఆయనకి మాత్రం చెప్పకు. ఆయనకి మిగిలింది నీ సార్ ఒక్కటే," అంది.

ఆవిడ ముఖం చూసి, రేపటితో నా గడువు అయిపోతుందనీ, ఇంకా బొత్తాం నొక్కలేదనీ చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఎవరికైనా చెప్పాలి కదా.

"నాకూ వచ్చింది, పంతొమ్మిదేళ్లప్పుడు," అంది. "లా చదవడానికి. నాన్న రెండో ఎన్నిక అది. ఈ ఎన్నిక అయ్యేదాకా ఆఫీసు చూసుకో, తర్వాత వెళ్దువుగానీ అన్నారు. ఆయన ఉపన్యాసాలన్నీ నేనే రాసేదాన్ని. తర్వాత ఇంకో ఎన్నిక. ఓడిపోయారు. ఓడినవాణ్ణి వదిలేసి ఎలా వెళ్తాం? తర్వాత అమ్మకి జబ్బు. విచిత్రమేమిటంటే, ఆయన నన్ను వద్దని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్నేమో." నా బ్యాగు వైపు చూపించి, "నొక్కెయ్యి. ఇంటికెళ్లాక కాదు. ఇక్కడే, ఇప్పుడే," అంది.

ఫోన్ తీశాను. మెయిల్ తెరిచాను. నీలం బొత్తాం లేదు. దాని స్థానంలో కొత్త ఉత్తరం ఉంది. మీ నిర్ణయం తెలియజేసినందుకు ధన్యవాదాలు, మీరు చేరలేకపోతున్నందుకు విచారిస్తున్నాం అని. కింద, పొద్దున పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి నేను పంపిన ఉత్తరం. కుటుంబ బాధ్యతల వల్ల ఈ అవకాశాన్ని వదులుకుంటున్నానని, ఎంతో మర్యాదగా, చక్కటి ఇంగ్లీషులో. కింద నా పేరు, హరిప్రియ, ఇంటిపేరుతో సహా. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి నేను పదిహేడో గదిలో ఒకావిడ కాలిగోళ్లు తీస్తున్నాను. నా మెయిలు పాస్‌వర్డ్ వీసా కాగితాల రోజుల్లో మా ఆయన పెట్టిందే. ఇన్నేళ్లూ మార్చాలని తోచలేదు.

ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒకబ్బాయి తీశాడు. అది నేను రాయలేదని చెప్పాను. వెయిటింగ్ లిస్టులో తర్వాతి మనిషికి సీటు వెళ్లిపోయిందనీ, ఆవిడ అప్పుడే ఒప్పుకుందనీ, వచ్చే ఏడాది మళ్లీ అప్లై చేసుకోవచ్చనీ చెప్పాడు. "నో వర్రీస్," అని పెట్టేశాడు. ఎవరో ఒకావిడ ఈపాటికి వాళ్లింట్లో ఎగిరి గంతేస్తూ ఉండి ఉంటుంది. ఆవిడ మీద నాకేం కోపం లేదు. నోరా నా భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, తన కారు వైపు వెళ్లిపోయింది. ఆవిడ చేతిలో ఇవాళ్టి పేజీ ఉంది, ఇంటికెళ్లి టైపు చెయ్యాలి.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. మా ఆయన వంటింట్లోనే ఉన్నారు, బిస్కెట్ తింటూ. అడిగాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. "నువ్వు మొహమాటపడతావని నేనే రాసేశా. నీకెందుకు ఆ టెన్షను? ఇప్పుడు అమ్మకి ఇలా ఉంటే నువ్వు క్లాసులకెలా పోతావ్? నేనేవన్నా వద్దన్నానా? వచ్చే ఏడాది చూద్దాం," అని నా వీపు తట్టారు. తిట్టి ఉంటే బాగుండేది. తట్టారు. నాకు మేలు చేశానని నిజంగానే నమ్ముతున్న మనిషితో ఏం పోట్లాడతాం? గోడని తోస్తే కనీసం చేతులు నొప్పెడతాయి. "హెడ్ ఆఫీసు కాల్ ఉంది, టీ పెట్టిస్తావా?" అని గదిలోకి వెళ్లారు. తలుపు సగం తెరిచే ఉంది.

గీతిక బల్ల దగ్గర హోంవర్క్ చేస్తోంది. దానికి పదకొండేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషే. "ఎందుకలా ఉన్నావు?" అంది. సీటు సంగతి దాటేసి, వంశం అంతరించిన సర్ ఫెర్గస్ పుస్తకం సంగతి చెప్పాను.

"ఎక్స్‌టింక్ట్? లైక్ డైనోసార్స్?"

"అవును."

"బట్ నోరా ఈజ్ రైట్ దేర్," అంది, కళ్లు పెద్దవి చేసి. తర్వాత పెన్సిల్ నోట్లో పెట్టుకుని లెక్కలో పడిపోయింది.

అత్తయ్య హాల్లో చక్రాల కుర్చీలో ఉంది, మా ఆయన గది తలుపుకి నాలుగడుగుల దూరంలో. మధ్యాహ్నం డబ్బా ఒళ్లో అలాగే ఉంది, సగం అన్నం చీర మీద. డైపర్ తడిసి ఎంతసేపైందో. నేను డబ్బా తీసి, చీర దులిపి, లోపలికి తీసుకెళ్లి మార్చి, ఒళ్లు తుడిచి, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాను. ఆవిడ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. అంతా విన్నదన్నమాట. ఏదో అనబోయింది, మాట దొరకలేదు. నేనూ సాయం చెయ్యలేదు.

వంటింట్లోకొచ్చి టీకి నీళ్లు పెట్టాను. పొద్దుటి కాఫీ కప్పు సింకులో ఉంది. పొద్దున వాష్‌బేసిన్ మీద నుంచి తెచ్చి సింకులో పడేసింది నేనే. కడిగే టైం లేక వదిలేశాను. అది తొమ్మిది గంటలుగా అక్కడే ఉంది, అడుగున కాఫీ ఎండిపోయి. ఫ్రిజ్ మీద ఆ అమ్మాయి అంటించిన కాగితం ఉంది. భర్త పేరు, ఎర్రటి ఇంటూ మార్కు. నేను ఫోన్ తీసి మెయిలు పాస్‌వర్డ్ మార్చాను. ఏం పెట్టాలో ఆలోచించలేదు, వేళ్లకి 'నోరా' వచ్చింది. దీనివల్ల పోయిన సీటు తిరిగి రాదు. వచ్చే ఏడాదీ వస్తుందన్న నమ్మకం నాకు లేదు. అత్తయ్య చెయ్యి లేవదు, రేపు ఆరున్నరకి ఆవిణ్ణి కూర్చోబెట్టి సబ్బు రుద్దేదీ నేనే కావచ్చు. అవన్నీ తెలుసు. కానీ అడగాలి. అడగాలంటే ముందు పిలవాలి. ఏవండీ అని పిలిస్తే ఇన్నేళ్లూ ఏం జరిగిందో అదే జరుగుతుంది. ఆ మాటతో మొదలైన ఏ వాక్యమూ నా ఇష్టప్రకారం ముగియలేదు.

"ప్రియా, అమ్మ ఏదో అంటోంది చూడు," అని గదిలోంచి కేక వచ్చింది. నాలుగడుగుల దూరం నుంచి.

స్టవ్ కట్టేశాను. హాల్లోకొచ్చి, అత్తయ్య కుర్చీ వెనకాల నిలబడ్డాను.  పెళ్లినాడు కూడా అంత భయపడలేదు. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

"పవన్," అన్నాను.

అత్తయ్య బాగున్న చెయ్యి కుర్చీ చక్రం మీద బిగిసింది. గీతిక పెన్సిల్ ఆపింది. గదిలోంచి పవన్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేసి బయటికొచ్చాడు. నన్ను దాటి, వాళ్లమ్మని దాటి, ఎవరో బయటివాళ్లొచ్చి పిలిచారనుకుని వీధి గుమ్మం వైపు చూశాడు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు.

నేను మళ్లీ పిలిచాను.